వేడెక్కితే ఆగిపోతున్న పద్మిని: లోపం పంపుదా, పైపుదా?

నమస్కారం. మాది హనుమకొండ. నాన్నగారి 1986 నాటి పద్మిని కారును ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. పొద్దున ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతుంది, ఊళ్లో ఎంత తిరిగినా పేచీ పెట్టదు. ములుగు రోడ్డెక్కి 30 కిలోమీటర్లు దాటితే, అదీ మధ్యాహ్నపు ఎండలోనే, రెండు మూడు కుదుపులిచ్చి ఆగిపోతుంది. అన్నిసార్లూ కాదు, అదే బాధ.

మొన్న కటాక్షపూర్ చెరువు దగ్గర ఆగినప్పుడు బానెట్ ఎత్తి చూశాను. పంపుకూ (ట్యాంకు నుంచి పెట్రోలు లాగేది, ఇంజనుకే బిగించి ఉంటుంది) కార్బురేటర్‌కూ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకిచ్చేది) మధ్యనున్న ప్లాస్టిక్ ఫిల్టరులో పెట్రోలు అడుగున చెంచాడే ఉంది, పైనంతా బుడగలు. స్పార్క్ మాత్రం నీలంగా, బలంగా వస్తోంది. పంపు మీద తడిగుడ్డ వేసి 20 నిమిషాలు ఆగితే, ఏమీ ఎరగనట్టు కదిలింది.

పంపులో డయాఫ్రమ్ (పెట్రోలు లాగే పొర) కిట్ కొత్తది వేయించాను. ట్యాంకులోకి గాలి అందడం లేదేమోనని మూత వదులు చేసి నడిపినా తేడా లేదు. చల్లగా ఉన్నప్పుడు కార్బురేటర్‌కు వెళ్లే పైపు ఊడదీసి స్టార్టర్ తిప్పితే సీసాలోకి పెట్రోలు బాగానే చిమ్ముతోంది.

వేడికి పెట్రోలు ఆవిరవుతోందని, కరెంటు పంపు పెట్టేద్దామని మెకానిక్ అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు ఎక్కడో చిట్లి గాలి పీలుస్తోందేమోనని నా అనుమానం. ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత రబ్బరుకు పడదు కదా.

ఆ బుడగలు ఆవిరివా, బయటి గాలివా అని రోడ్డు మీదే తేల్చుకునే పద్ధతి ఉందా? కిట్ వేసినప్పుడు పంపుకూ ఇంజనుకూ మధ్య పలుచని ప్యాకింగ్ వేశారు. మందమైనది వేస్తే వేడి తగ్గుతుందా, లేక పంపును ఆడించే లీవరు స్ట్రోకు (కదిలే దూరం) తగ్గి పెట్రోలే సరిగ్గా అందకుండా పోతుందా? ఈ కారు నడిపినవారు దయచేసి చెప్పండి.