అమ్మకి గాల్ బ్లాడర్‌లో రాళ్ళంట, ఆపరేషన్ తప్పదా, బిళ్ళలతో కరుగుతాయా?

చీపురుపల్లి_కుర్రోడు:
సిరిమానుకి విజయనగరం మా పిన్ని ఇంటికెళ్ళామండి, మర్నాడు వేటమాంసం తినీసి పడుకున్నాం, రాత్రి ఒంటిగంటకి అమ్మ లేచి కూర్చుని కుడిపక్క డొక్క కింద పట్టుకుని మెలికలు తిరిగిపోయింది, నొప్పి వెనక రెక్క దాకా లాగుతోందంది, రెండు వాంతులు కూడా. వాము నమిలించాం, సోడా పట్టించాం, తెల్లారగట్ల నాలుక్కి దానంతటదే తగ్గింది. ఏడాదిగా ఇలగ వచ్చినప్పుడల్లా గ్యాస్ అని పరగడుపున బిళ్ళ వేసుకుంటోంది. ఈసారి స్కానింగ్ తీయిస్తే మూడు రాళ్ళు, పెద్దది 11 మిల్లీమీటర్లు. సర్జన్ గారు సంచి తీయించీమన్నారు. అమ్మకి 48, సుగర్ బీపీ లేవు. సంచి తీసేస్తే తిన్నది ఎలాగ అరుగుద్ది అని దాని భయం. పక్కింటి మామ్మ కొండపిండాకు కషాయం తాగమంటోంది, మా బావ రాళ్ళు కరగడానికి ఉర్సో బిళ్ళలు వాడమంటున్నాడు, వాట్సాప్‌లో ఎవరో ఆలివ్ ఆయిల్, నిమ్మరసం అని పంపారు. ఏటి చెయ్యాలో తెలీట్లేదు.

ఆమదాలవలస_అక్క:
నాకు రెండేళ్ళ కిందట తీసీసారు తమ్ముడూ. నాలుగు చిన్న కన్నాలు, మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చీసాను. రాళ్ళు చిన్న ప్లాస్టిక్ సీసాలో వేసి ఇచ్చారు, నల్లగా గరుకుగా మిరియాల్లాగ ఉన్నాయి, మా అత్తగారు వచ్చినోళ్ళందరికీ చూపించీవారు. అరుగుదలకేం కాదు, కొవ్వు అరిగించే పసరు (బైల్ అంటారే, అదే) తయారుచేసేది లివరే, సంచి దాన్ని దాచిపెడుతుంది అంతే. కాకపోతే దాచే చోటు పోయాక పసరు రోజంతా పేగుల్లోకి కారుతూనే ఉంటుంది కదా, నాకు నెల్లాళ్ళు తిన్న వెంటనే బాత్రూంకి పరుగే. పసరులో ఆసిడ్లు పెద్దపేగులోకి ఎక్కువ దిగితే అలగవుతుందని, తగ్గకపోతే వాటిని పట్టుకునే పౌడర్ ఇస్తామన్నారు, నాకు ఆ అవసరం రాలేదు. అందరికీ రావాలనీ లేదు, మా తోడికోడలికి ఏటీ అవ్వలేదు.

మందులకొట్టు_శ్రీకాకుళం:
డాక్టర్ని కాదు, పదిహేనేళ్ళుగా కౌంటర్లో ఉన్నాను. ఆ ఉర్సో కూడా ఒక బైల్ ఆసిడేనండి. లివర్ కొలెస్ట్రాల్ నుంచే బైల్ ఆసిడ్లు చేస్తుంది, కొవ్వు అరిగాక వాటిలో 95 శాతం దాకా చిన్నపేగు చివర్లో పీల్చుకుని మళ్ళీ లివర్‌కే పోతాయి, రోజుకి ఆరేడు సార్లు అదే సరుకు తిరుగుతుంది. కొలెస్ట్రాల్ ఎక్కువై దాన్ని కరిగించి ఉంచే ఆసిడ్లు చాలకపోతే గడ్డకట్టి రాయవుతుంది. ఉర్సో కరిగించేది ఈ కొలెస్ట్రాల్ రాళ్ళనే, అవీ చిన్నవై, సున్నం పట్టకుండా, సంచి బాగా పనిచేస్తుంటేనే, అదైనా ఆరు నెల్ల నుంచి రెండేళ్ళు వాడాలి, ఆపాక అయిదేళ్ళలో సగం మందికి మళ్ళీ వస్తాయి. పైగా మన దక్షిణాదిలో అక్క చెప్పినట్టు నల్ల రాళ్ళు ఎక్కువ, వాటికి ఇది పనిచెయ్యదు. 11 మిల్లీమీటర్లంటే బావగారి సలహా డబ్బు దండగే అనిపిస్తోంది. (ఉర్సస్ అంటే లాటిన్లో ఎలుగుబంటి, దాని పసరులో మొదట దొరికింది కాబట్టి ఆ పేరు.)

నూనె, నిమ్మరసం తాగాక పచ్చటి ఉండలు పడతాయి, అవి రాళ్ళు కావు, ఆ నూనే పేగులో సబ్బులా గడ్డకట్టినవి. అంత నూనె ఒక్కసారి పోస్తే సంచి గట్టిగా ముడుచుకుని రాయి గొట్టంలో ఇరుక్కుంటే అప్పుడు తెలుస్తుంది.

పలాస_బాబు:
కొండపిండాకు మావైపు కిడ్నీ రాళ్ళకి తాగుతారు, అది మూత్రం దారి, ఇది పసరు దారి, రెండూ వేరు, మామ్మకి రాళ్ళంటే అన్నీ ఒకటే. ఇంకోటి, నొప్పి లేచినప్పుడల్లా కొట్లో పెయిన్ కిల్లర్ కొనీకండి, కిడ్నీలకి దెబ్బ, కిడ్నీ జబ్బు ఎలాగుంటాదో ఉద్దానం వాళ్ళని అడగండి చెప్తారు. చలిజ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా, నొప్పి అయిదారు గంటలు దాటినా ఆగకుండా ఆసుపత్రికి. మా పెదనాన్నకి రాయి గొట్టంలోకి జారి పాంక్రియాస్ వాచిపోయి పన్నెండు రోజులు బెడ్డు మీదే ఉన్నాడు.

చీపురుపల్లి_కుర్రోడు:
థాంక్సండి అందరికీ. అమ్మ ఒప్పుకుంది గానీ కార్తీకం అయిపోనిచ్చి పెట్టుకుందామంటోంది, సోమవారాలు ఉపవాసం ఉంటాది, శనివారాలు ఎలాగూ ఒంటిపూటే.

మందులకొట్టు_శ్రీకాకుళం:
అదే చిక్కు. పొద్దుట్నించి రాత్రి దాకా ఏం తినకపోతే సంచి ముడవదు, పసరు అందులోనే నిలవై చిక్కబడుద్ది, తర్వాత నక్షత్రం చూసి నేతి గారెలు తింటే ఒక్కసారి పిండుతుంది, మళ్ళీ ఒంటిగంట రాత్రి. డేటు సర్జన్ గార్ని అడగండి, నొప్పి ఒకసారి మొదలయ్యాక ఊరికే వాయిదా వెయ్యడం మంచిది కాదు. ఈలోగా వేళకి కొంచెం కొంచెం తిననీండి, వేపుళ్ళు, మాంసం మాన్పించండి. ప్రభుత్వ ఉచిత వైద్యం కార్డు సంగతి ఆసుపత్రిలో ఆ పథకం కౌంటర్ దగ్గర ముందే కనుక్కోండి.

ఆమదాలవలస_అక్క:
ఉపవాసానికి బదులు దీపం పెట్టమను తమ్ముడూ, నేనూ ఆ ఏడాది అలగే చేసాను.