కిసిలెవో శవం: రక్తపిశాచి నమ్మకం గోతిలో పుట్టిందా, ఊళ్ళో పుట్టిందా?

వేగుచుక్క:
1725లో సెర్బియాలోని కిసిలెవో ఊళ్ళో పీటర్ బ్లాగోయెవిచ్ అనే అతని శవాన్ని, పూడ్చిన పది వారాలకు తవ్వి తీసి, గుండెలో గూటం దింపి కాల్చేశారు. అంతకుముందు 8 రోజుల్లో ఊళ్ళో 9 మంది పోయారు. అప్పుడా ప్రాంతం ఆస్ట్రియా ఏలుబడిలో ఉంది. ఫ్రోంబాల్డ్ అనే అధికారి దగ్గరుండి చూసి రాసిన నివేదిక జులై 21న వియన్నా పత్రికలో అచ్చయింది. శవం కుళ్ళే తీరు తెలియకే ఈ నమ్మకం పుట్టిందా, వేరే కారణం ఉందా?

మట్టిమనిషి:
కుళ్ళడమే. గాలిలో 1 వారంలో కుళ్ళినంత నీళ్ళలో 2, మట్టిలో 8 వారాలకు కుళ్ళుతుందని శవపరీక్షల్లో పాత మోటు లెక్క ఒకటుంది. ఆ లెక్కన మట్టిలో 70 రోజులంటే బయట 9 రోజులే. నివేదిక ఏప్రిల్‌ది, అంటే పూడ్చింది చలికాలంలో. శవం ఇంకా నెమ్మదిగా పాడవుతుంది. పొట్టలో పుట్టిన వాయువు ఊపిరితిత్తుల్ని పైకి నెడితే ఎర్రటి ద్రవం నోట్లోంచి, ముక్కులోంచి కారుతుంది. గడ్డకట్టిన రక్తం మళ్ళీ పలచబడటం మామూలే. గూటం దిగినప్పుడు నోటివెంట, చెవులవెంట వచ్చిన "తాజా రక్తం" అదే. సెర్బియాలోనే మెద్వెజా అనే ఇంకో ఊరి మీద 1732లో వచ్చిన నివేదికలో, రక్తపిశాచి అయ్యాడన్న ఆర్నాల్డ్ పావ్లే శవం గూటం దించితే మూలిగిందంటారు. గొంతులోంచి తోసుకొచ్చిన గాలి. అదే ఊళ్ళో 60 ఏళ్ళ మిలిజా బతికినన్నాళ్ళూ బక్కపలచన, 90 రోజుల తర్వాత గోతిలో బొద్దుగా ఉందని ఊరివాళ్ళు ఆశ్చర్యపోయారు. అదీ వాయువే.

కాలక్షేపం_బాబు:
మన బేతాళుడే కదండీ ఇది! జిప్సీలు ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళారంటారు.

పాతకాగితం:
బేతాళుడు ఎవరి శవంలోనైనా దూరతాడు. సెర్బియాలో చచ్చినవాడే లేచొచ్చి సొంతవాళ్ళ మీద పడతాడు. రెంటికీ పోలిక లేదు.

సందేహాల్రావు:
గోళ్ళు కూడా పెరిగాయని రాశారుగా. అదెలా?

మట్టిమనిషి:
చచ్చాక గోళ్ళు పెరగవు. చర్మం ఎండి వెనక్కి లాక్కుంటే పెరిగినట్టు కనిపిస్తాయి.

పాతకాగితం:
నివేదిక చదివే రాస్తున్నారా? పాత గోళ్ళు ఊడి కొత్తవి వచ్చాయని ఉంది అందులో. ముడుచుకుంటే గోళ్ళు ఎందుకు ఊడతాయి?

మట్టిమనిషి:
సరే, గోళ్ళ విషయంలో నాదే పొరపాటు. పైచర్మం జారిపోయేటప్పుడు గోళ్ళు దానితోపాటే వచ్చేస్తాయి. కింద మిగిలిన లేత గులాబీ పొర కొత్త గోరులా ఉంటుంది. "తెల్లటి పాత చర్మం ఊడి కింద కొత్తది వచ్చింది" అని అదే నివేదికలో ఉన్నదీ ఈ సంగతే. నా వాదనకి ఇది ఇంకా బలం.

కాలక్షేపం_బాబు:
ఈ నమ్మకానికి మూలం రేబిస్ అని 1998లో ఒక వైద్య పత్రికలో వచ్చింది కదా?

మట్టిమనిషి:
రేబిస్ సోకినవాడు బతికుండగా కరుస్తాడు. ఇక్కడ జబ్బుపడి పోయిన ఆ 9 మంది చావుకు ముందు చెప్పింది, నిద్రలో పీటర్ వచ్చి మీదపడి గొంతు నులిమాడని. రక్తం పీల్చాడన్న మాట శవం నోట్లో రక్తం చూశాక చేరింది. చూశారా, ఇదీ కుళ్ళడం దగ్గరికే వచ్చింది.

పాతకాగితం:
మీకు అన్నీ అక్కడికే వస్తాయి! నిరుడు ప్లేగు చర్చలోనూ నేనడిగింది వదిలేసి శవపరీక్ష పాఠం చెప్పారు. నేనడిగేది ఒకటే. మీరు చెప్పేదంతా గొయ్యి తెరిచాక కనబడింది. అసలు తెరవమన్నది ఎవరు? నులిమాడని రోగులు చెప్పిన రోజున శవాన్ని ఎవరూ చూడలేదు. పైవాళ్ళ అనుమతి వచ్చేదాకా ఆగమని ఫ్రోంబాల్డ్ అంటే, ఊరు వదిలి పోతామన్నారు. తురుష్కుల కాలంలో ఇలాగే ఊరంతా నాశనమైందన్నారు. మెద్వెజాలో ముందు వెళ్ళింది అంటురోగాల వైద్యుడు గ్లేజర్. కఠిన ఉపవాసాల వల్ల జనం నీరసించారని అతను తేల్చాడు. అక్కడా అదే బెదిరింపు. ఇంకా వెనక్కి పొండి: సెర్బియా చక్రవర్తి దుషాన్ 1349లో చేసిన చట్టం 20వ నిబంధన చూడండి. మంత్రం పేరుతో శవాలు తవ్వి కాల్చే ఊరికి జరిమానా, వెళ్ళిన పూజారికి పదవి ఊడుతుంది. ఫ్రోంబాల్డ్‌కి 376 ఏళ్ళ ముందే ఆచారం ఉంది.

మట్టిమనిషి:
ఆచారం ఉందంటే 1349కి ముందూ గోతులు తెరిచి చూశారనే కదా!

పాతకాగితం:
చూసి నమ్మారా, నమ్మి చూశారా? ఆ ఊరివాళ్ళని శవం ఎలా కుళ్ళుతుందో తెలియని అమాయకుల్ని చేస్తున్నారు, నా కోపం అక్కడ. మెద్వెజాలో 7 వారాల శవాలు కుళ్ళి ఉంటే మళ్ళీ పూడ్చేశారు, కుళ్ళనివాటి తలలు నరికి, కాల్చి, బూడిద మొరావా నదిలో కలిపారు. కుళ్ళడమంటే ఏంటో తెలిసినవాళ్ళే ఏరగలరు.

మట్టిమనిషి:
అమాయకులని నేననలేదు. మీ "ఏరడం"లో లోపం మాత్రం ఉంది. 1892లో అమెరికాలోని రోడ్ ఐలండ్, ఎక్సెటర్ ఊరు చూడండి. క్షయతో ఒకే ఇంట్లో ముగ్గురు పోయారు. ముగ్గురి శవాలూ చూశారు. తల్లి, అక్క పోయి ఏళ్ళయింది, దాదాపు ఎముకలే మిగిలాయి. మెర్సీ బ్రౌన్ జనవరిలో పోయింది, పూడ్చకుండా రాతిగదిలో ఉంచారు, మార్చిలో తెరిస్తే గుండెలో రక్తం. దోషి ఆమే అన్నారు. ఇందులో విచిత్రమేమీ లేదని వైద్యుడు చెప్పినా వినలేదు. గుండె కాల్చి బూడిద జబ్బుతో ఉన్న అన్నకి నీళ్ళలో కలిపి పట్టారు, మే నెలలో అతనూ పోయాడు. ఎందుకు తెరిచారంటే మీరన్న భయమే, ఒప్పుకుంటాను. దోషి ఎవరన్నది మాత్రం చలి తేల్చింది.

పాతకాగితం:
ఆ సగం ఇవాళ ఒప్పుకున్నారు, అది చాలు. మిగతా సగం, మెద్వెజాలో పక్కపక్క గోతుల్లో తేడా ఎందుకొచ్చిందో చలితో చెప్పండి చూద్దాం. మట్టి ఒకటే, చలి ఒకటే.

మట్టిమనిషి:
లోతు, గుడ్డ మందం, ఒంట్లో కొవ్వు, చచ్చేముందు జ్వరం. ఒళ్ళు వేడిమీద పోయినవాళ్ళు ముందు పాడవుతారు. రేపు విడిగా రాస్తాను.

సందేహాల్రావు:
గోళ్ళు సరే, గడ్డం కూడా పెరిగిందని నివేదికలో ఉంది, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మట్టిమనిషి:
గడ్డానికి మాత్రం చర్మం ముడుచుకోవడమే.