పికప్ తలుపుల్లో కంపెనీ స్పీకర్లు మార్చినవాళ్లు ఉన్నారా?

టమాటా_ట్రిప్పు
మదనపల్లె నుంచి చెన్నైకి టమాటా తోలుతాను. సింగిల్ క్యాబ్ పికప్, కొని 14 నెలలైంది. ప్రయాణమంతా రాత్రే కాబట్టి నిద్ర ఆపుకోవడానికి పాటలే దిక్కు. వేగం 50 దాటితే ఇంజిను మోతలో పాట మునిగిపోతుంది. సౌండు పెంచితే తలుపు రేకు గడగడమంటుంది, పల్లవేదో చరణమేదో తెలియదు. ఉన్నవి తలుపుకొకటి చొప్పున ఆరున్నర అంగుళాల స్పీకర్లు రెండే. ఎనిమిది వేలలో పని అవుతుందా? యాంప్లిఫైయర్ తప్పనిసరా? వైరు కోస్తే వారంటీ పోతుందా?

వైరింగ్_మేస్త్రి
22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, రాసి పెట్టుకోండి. స్టీరియో డబ్బా మీద ‘4×50’ అని ఉంటుంది, అది అమ్మేవాడి లెక్క. బండి నడుస్తున్నప్పుడు ఉండే 14 వోల్టులతో, యాంప్లిఫైయర్ లేకుండా, 4 ఓమ్‌ల స్పీకరుకు అందేది మహా అయితే 18, 20 వాట్లు. ‘300 వాట్లు’ అని రాసిన స్పీకరు తెచ్చి దానికి తగిలిస్తే మూలుగుతుంది. సెన్సిటివిటీ, అంటే ఒక్క వాటుకు స్పీకరు ఎంత గట్టిగా మోగుతుందో చూసి కొనండి. అది 3 డెసిబెల్స్ ఎక్కువ ఉంటే వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం. వైరు మాత్రం కోయకండి, మీ బండికి సరిపోయే కప్లర్ (వైరు కోయకుండా కలిపే ప్లగ్గు) కొని తగిలించుకోండి.

స్కేలు_పెన్సిలు
కొనేముందు అద్దం పూర్తిగా దించి, తలుపు రేకు నుంచి అద్దం దాకా లోతు ఎంతుందో కొలిచారా? బయటి స్పీకర్ల అయస్కాంతం కంపెనీవాటి కంటే లావుగా ఉంటుంది.

గోదారి_ఎక్స్‌ప్రెస్
నేను పోయినేడాది స్పీకరుకూ తలుపు రేకుకూ మధ్య వేసే రింగులు చెక్కతో చేయించాను. అద్దం పక్కనుంచి వాన నీళ్లు తలుపులోకి దిగుతాయని ఎవరూ చెప్పలేదు. రెండు వానలకు రింగు నానబెట్టిన అటుకుల్లా ఉబ్బింది, స్క్రూలు చేతికి ఊడి వచ్చాయి. ప్లాస్టిక్ రింగే వేయించండి. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలను మట్టి మూసేసిందేమో కూడా చూడండి.

రామగుండం_రాజా
స్పీకరు మార్చడం దండగ, మీ జబ్బు తలుపు రేకుది. డాబా కారకుండా వేసే తారు షీటు తెచ్చి లోపల అతికించండి. నాకు రెండు తలుపులకూ కలిపి 350 రూపాయలైంది. ఇప్పుడు తలుపు వేస్తే పెద్ద కారులా ధబ్బుమంటుంది.

పల్నాడు_డీజిల్
తారు షీటా! దయచేసి ఈ సలహా ఎవరూ పాటించకండి. మే నెలలో మా రెంటచింతలలో ఒక్క మధ్యాహ్నం బండి ఎండలో పెడితే తారు జారి అద్దం పట్టాలలోకి దిగుతుంది. వాసన తలకెక్కుతుంది. నేను అనుభవించి చెబుతున్నాను, కిరోసిన్ గుడ్డతో మూడు రోజులు తుడిచాను. బండికి వేయాల్సింది బ్యుటైల్ షీటు (రేకు అదురు ఆపే రబ్బరు బంక షీటు), అదీ రేకును శుభ్రంగా తుడిచి, రోలరుతో నొక్కి.

రామగుండం_రాజా
రామగుండం వాళ్లకు ఎండ గురించి పాఠాలా? నాకు రెండు వేసవులు గడిచాయి, చుక్క తారు కారలేదు.

పల్నాడు_డీజిల్
మీ బండి చెట్టు కింద ఉంటుందేమో.

రామగుండం_రాజా
బొగ్గు లోడింగు దగ్గర చెట్టు ఎక్కడుంటుందండీ? వచ్చి చూసి మాట్లాడండి. తుడవకుండా అతికించి షీటును తిట్టడం మీకే చెల్లింది.

కొత్తగూడెం_కుర్రాడు
ఎండ పోటీలో మమ్మల్ని పిలవకపోవడం అన్యాయం.

వైరింగ్_మేస్త్రి
22 ఏళ్లలో నా షెడ్డుకు తారు కారిన బండ్లు ఎన్ని వచ్చాయో నాకు తెలుసు. రాజా గారూ, మీ అదృష్టాన్ని అందరికీ సలహాగా ఇవ్వకండి.

రామగుండం_రాజా
మేస్త్రి గారికి బ్యుటైల్ షీటు అమ్మితే ఎంత మిగులుతుందో కూడా చెబితే బాగుంటుంది.

వైరింగ్_మేస్త్రి
ఆ మాట వెనక్కి తీసుకోండి.

పది_టైర్లు
నాది లారీ. 12 వోల్టుల స్టీరియోను నేరుగా 24 వోల్టులకు కలిపాను, పొగ వచ్చింది. మధ్యలో కన్వర్టర్ పెట్టాలట.

వైరింగ్_మేస్త్రి
పికప్ 12 వోల్టులే. ఇక్కడ మీ లారీ గొడవ ఎందుకండీ?

గణేశ్_మండపం
అన్నలూ, నిమజ్జనానికి పికప్ వెనక నాలుగు 15 అంగుళాల బాక్సులు పెడితే బండి బ్యాటరీ ఆగుతుందా?

గోదారి_ఎక్స్‌ప్రెస్
ఆగదు, జనరేటర్ పెట్టుకో తమ్ముడూ. ముందు పోలీసుల అనుమతి సంగతి చూసుకో. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకులు బంద్ అని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. మా వీధిలో పసిపిల్ల నిద్రపోయి వారమైంది, ఆ కోపం నీ మీద చూపిస్తున్నాను, ఏమీ అనుకోకు.

గడియారం_సెల్లు
టమాటా అన్నా, డబ్బు పెట్టేముందు ఒక చిన్న పని చేయండి. స్పీకరు వైర్లు ఊడదీసి, గోడ గడియారంలో వేసే సెల్లు ప్లస్సును స్పీకరు ప్లస్సుకు, మైనస్సును మైనస్సుకు క్షణంపాటు తాకించండి. స్పీకరు కోన్ (మధ్యలో కదిలే గరాటు లాంటిది) బయటికి రావాలి. తర్వాత అదే సెల్లును బండి వైపు నుంచి వచ్చే వైర్ల జతకు తాకించకండి, స్టీరియో పోతుంది. రెండు తలుపుల్లోనూ ఏ రంగు వైరు ప్లస్సుకు వెళ్తోందో మాత్రం పోల్చండి. ఒకటి తిరగబడితే రెండు స్పీకర్ల బేస్ ఒకదాన్నొకటి చంపుకుంటుంది. నా బండిలో ఆరు నెలలు అలాగే ఉంది, నేనేమో పాటలు సరిగా రికార్డు చేయలేదనుకున్నాను.

పల్నాడు_డీజిల్
ఇది అసలైన సలహా. తారు పూయమనడం కాదు.

రామగుండం_రాజా
మళ్లీ మొదలుపెట్టారు.

టమాటా_ట్రిప్పు
అందరికీ నమస్కారం. రెండు లోడ్లు దించి వచ్చాను. గడియారం అన్న చెప్పినట్టు చూస్తే ఎడమ తలుపులో వైర్లు నిజంగానే తిరగబడి ఉన్నాయి! అప్పటికే కొత్త స్పీకర్లు కొనేశాను, 4,200 అయ్యాయి. రేకుకు బ్యుటైల్ వేయించాను (రాజా గారు క్షమించాలి). యాంప్లిఫైయర్ పెట్టలేదు. చిత్తూరు దాటాక తబలా దెబ్బ విడివిడిగా వినిపించింది, ఒళ్లు పులకరించింది. ఒక్కటే ఇబ్బంది. కుడివైపు అద్దం సగం దిగి టక్కున ఆగిపోతోంది. టోలు దగ్గర ఫాస్టాగ్ ఉంది కాబట్టి సరిపోయింది. మార్కెట్ గేటులో మాత్రం తలుపు తెరిచి చీటీ అందుకుంటున్నాను. బ్యుటైల్ అడ్డం పడిందంటారా?

రామగుండం_రాజా
తారు షీటు పలుచగా ఉంటుంది. చెప్పాను కదా.

స్కేలు_పెన్సిలు
లోతు అడిగాను. అర అంగుళం రింగు వేయించి స్పీకరును ముందుకు జరపండి.

వైరింగ్_మేస్త్రి
నేనూ అదే చెప్పబోతున్నాను.