మూతపడిన పురుళ్ల ఆసుపత్రి చీటీ ఒకటి దొరికింది. దాన్ని బట్టి అమ్మ పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవచ్చా?

కాకినాడ టీచర్:

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. మా అమ్మ పోయిన కార్తీకంలో కాలం చేసింది. ఆవిడ ఇనప్పెట్టె సర్దుతుంటే అడుగున పట్టుచీర మడతలో అరచేయంత అట్టముక్క దొరికింది. పైన రాజమండ్రిలోని ఒక పురుళ్ల ఆసుపత్రి పేరు అచ్చువేసి ఉంది. కింద సిరాతో "ఆడశిశువు, 5 పౌండ్ల 10 ఔన్సులు, మంచం నెం. 7" అని రాశారు. తేదీ 14-8-5 వరకే కనిపిస్తోంది, చివరి అంకెని పురుగు తినేసింది. బిల్లు రూ. 27-8-0. వెనకవైపు మా అమ్మమ్మ చేతిరాతతో "శ్రావణ మంగళవారం" అని ఉంది. అమ్మమ్మ "ళ" తోకని కిందిదాకా లాగి రాసేది, ఆ రాత ఎక్కడున్నా గుర్తుపడతాను.

తల్లి పేరు దగ్గర ఉన్నది మాత్రం అమ్మమ్మ పేరు కాదు.

అమ్మ ఎస్సెల్సీ పుస్తకంలో పుట్టినతేదీ 1-7-1957. అమ్మమ్మా తాతయ్యా ఎప్పుడో పోయారు. మిగిలింది చిన్నమ్మమ్మ ఒక్కతే, ఎనభై ఆరేళ్లు. చీటీ చూపిస్తే పైటచెంగుతో తుడిచి, "ఎక్కడ తీశావో అక్కడే పెట్టెయ్యవే" అంది. అంతే, ఆ పూట భోజనం కూడా చెయ్యలేదు.

ఆసుపత్రి ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంటు ఉంది. డాక్టరమ్మగారి బంధువుల్ని వెతికి పట్టుకుంటే, కేసు షీట్లన్నీ ఎప్పుడో కాల్చేశాం అన్నారు. నాకు ఆస్తులూ వాటాలూ అక్కర్లేదండీ. అమ్మని కన్నది ఎవరో తెలుసుకోవాలని ఉంది. ఇక ఎక్కడ వెతకాలి?

పాత మునిసిపల్ గుమాస్తా:

అమ్మా, నేను జనన మరణాల విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆసుపత్రి కాగితాలు కాలిపోయాయని దిగులు పడకండి. పురుడు జరిగిన ఊళ్లోనే పుట్టుక నమోదవుతుంది, ఆసుపత్రి ఆ సమాచారం మునిసిపాలిటీకి పంపేది. ఆ పుస్తకం ఆసుపత్రిది కాదు, ఊరిది. ఆసుపత్రి మూతపడ్డా అది ఉంటుంది.

ముందు సంవత్సరం తేల్చుకుందాం. బిల్లు అణాల్లో ఉంది, ఇరవై ఏడు రూపాయల ఎనిమిది అణాలు. అణాల బదులు నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు అణాలు నడిచాయి కాబట్టి అదొక్కటే చాలదు. కానీ మీ అమ్మమ్మగారు వారం రాసి పెట్టారు చూడండి, ఆవిడకి దణ్ణం పెట్టాలి. యాభైల్లో ఆగస్టు 14 మంగళవారం అయింది రెండేసార్లు, 1951లో, 1956లో. రెండేళ్లలోనూ అది శ్రావణమే. 1951 అయితే బడిలో ఆరేళ్లు తగ్గించి వేశారనుకోవాలి, అది కుదరదు. 1956 అయితే పదిన్నర నెలలే తేడా. బళ్లో వేసేటప్పుడు మాస్టార్లు జూన్, జూలైల్లో ఏదో ఒక తేదీ వేసేయడం మామూలే. కాబట్టి 1956 ఆగస్టు 14. అప్పటికి మనది ఆంధ్ర రాష్ట్రమే, ఆంధ్రప్రదేశ్ రావడానికి ఇంకా రెండున్నర నెలలుంది. నమోదు 1899 నాటి మద్రాసు చట్టం కింద జరిగేది.

ఇప్పుడు అసలు సంగతి. మీసేవకి వెళ్లి మీ అమ్మగారి పేరు చెప్తే "లేదు" అంటారు. పుట్టిన వారంలోనే రాసే పుస్తకంలో బిడ్డ పేరు ఎక్కడుంటుంది? అక్కడ "స్త్రీ" అని మాత్రమే ఉంటుంది. చీటీలో ఉన్న తల్లి పేరుతో వెతకమనండి. కబురు అందిన తేదీ వరసలో రాస్తారు కాబట్టి ఆగస్టు ఒక్కటే చూసి వచ్చేయకండి, సెప్టెంబరు ఆఖరు దాకా తిప్పించండి. 1969 చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా పుస్తకం వెతికించుకుని నకలు అడగొచ్చు. తెల్లకాగితం మీద "1956 జనన రిజిస్టరు వెతకవలెను" అని స్పష్టంగా రాసివ్వండి, రసీదు తీసుకోండి.

ఏలూరు వకీలు:

టీచర్ గారూ, దత్తత పత్రం దొరుకుతుందేమోనని రిజిస్ట్రారాఫీసుల చుట్టూ తిరగకండి, అదొక్కటీ చెబుదామని రాస్తున్నా. హిందూ దత్తత చట్టం అమల్లోకి వచ్చింది 1956 డిసెంబరు 21న. అంతకు ముందు దత్తత అంటే కొడుకునే. ఎక్కడో ఆచారం ఉన్నచోట తప్ప కూతురి దత్తతని కోర్టులు ఒప్పుకునేవి కావు. ఆగస్టులో మీ అమ్మగారిని ఒళ్లోకి తీసుకున్నవాళ్లు రాయించుకోవాలనుకున్నా రాయించుకునే వీలు లేదు. పెంచుకున్నారు, అంతే.

ఇప్పటి దత్తతలకి కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నిబంధనల్లో మూలాల అన్వేషణకి దారి ఉంది. అయితే అది దత్తత వెళ్లిన మనిషికే, అదీ కన్నవాళ్ల గోప్యతకి భంగం రాకుండా. మీ అమ్మగారి విషయంలో మధ్యన ఏ సంస్థా లేదు కాబట్టి ఆ దారి మీకు పనికిరాదు. మునిసిపల్ పుస్తకమే దిక్కు.

కాకినాడ టీచర్:

గుమాస్తా గారూ, 1956 అని మీరు తేల్చింది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా ఇంట్లో జూలై 1న ఎవరూ అమ్మకి పుట్టినరోజు చెయ్యలేదు. కానీ ఏటా శ్రావణంలో ఒక మంగళవారం అమ్మమ్మ పనిగట్టుకుని మా ఇంటికి వచ్చేది. పెళ్లయి పిల్లలున్న అమ్మని పీట మీద కూర్చోబెట్టి తలంటి, కొత్త మట్టిగాజులు వేసేది. గౌరీదేవి నోములో భాగమేమో అనుకున్నాను ఇన్నాళ్లూ. అది పుట్టినరోజు.

సోమవారం రాజమండ్రి వెళ్తున్నా.

నర్సమ్మ మనవరాలు:

అక్కా, మా మామ్మ పురుళ్ల ఆసుపత్రిలో నర్సు. పేరు దొరికాక మీరు ఆ ఊరు వెళ్తారని నాకు తెలుసు. వెళ్లండి, కానీ రచ్చబండ దగ్గర ఆ పేరు అడగకండి. ఆవిడకి తర్వాత పెళ్లయి ఉండొచ్చు, పిల్లలుండొచ్చు, వాళ్లకి ఏమీ తెలియకపోవచ్చు. అలా బిడ్డని ఇచ్చి వెళ్లిన అమ్మాయిల పేర్లు మామ్మ చివరిదాకా ఇంట్లో కూడా ఎత్తలేదు. ఇంకోమాట, పెద్దవాళ్లని ప్రశ్నలు అడిగితే నోరు విప్పరు. మీకు దొరికింది చదివి వినిపించి ఊరుకోండి. మీ చిన్నమ్మమ్మగారే చెప్తారు.

కాకినాడ టీచర్ (మూడు వారాల తర్వాత):

దొరికిందండీ. మొదటిసారి "వెతికాం, లేదు" అన్నారు. ఆగస్టే చూశారట. రసీదు చూపించి, సెప్టెంబరు కూడా తిప్పమని బతిమాలాను. ఒక కుర్రాడు విసుక్కోకుండా బీరువా మీంచి దించాడు. పుస్తకం అంచులు ముట్టుకుంటే పొడి రాలుతోంది. అట్టముక్క కింద పెట్టుకుని ఒక్కో గీతా చూసుకుంటూ వెళ్లాం. సెప్టెంబరు మొదటి వారంలో రాసి ఉంది. స్త్రీ. తల్లి పేరు చీటీలో ఉన్నదే. తండ్రి పేరు దగ్గర చిన్న అడ్డగీత. నివాసం గోదావరికి అవతలి ఒడ్డున ఒక పల్లె, పేరు ఇక్కడ రాయను.

రాసుకుంటూ ఉంటే పైనున్న గీతల మీదికి చూపు పోయింది. రెండు వరసల పైన మా తాతయ్య పేరు! పక్కన అమ్మమ్మ పేరు. పురుషుడు, ఆగస్టు 12. అదే ఆసుపత్రి. మా అమ్మమ్మకి కొడుకు పుట్టాడని మా ఇంట్లో ఎవరూ ఏనాడూ అనలేదు. ఆ కుర్రాడే అన్నాడు, "మేడమ్, మరణాల పుస్తకం కూడా చూద్దామా" అని. చూశాం. ఆగస్టు 15, వయసు మూడు రోజులు.

నర్సమ్మ మనవరాలు గారు చెప్పినట్టే చేశాను. చిన్నమ్మమ్మ పక్కన కూర్చుని మూడు వరసలూ చదివి ఊరుకున్నాను. కాసేపటికి ఆవిడే మొదలుపెట్టింది. "అక్కకి పాలు పడ్డాయే, బిడ్డ లేడు. పక్క మంచం పిల్లకి పాలు పడలేదు. డాక్టరమ్మ ఏమీ అనలేదు, తీసుకొచ్చి అక్క ఒళ్లో పెట్టింది, తాగింది. ఇంక దింపలేదు." ఆ అమ్మాయికి పదిహేడేళ్లట, చిన్నమ్మమ్మకీ అప్పుడు పదిహేడే. క్యారేజీ పట్టుకెళ్లినప్పుడల్లా ఇద్దరూ వసారాలో కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లట. రేవుకి బయల్దేరే రోజున ఆ అమ్మాయి, "నీ గాజులు రెండు ఇస్తావా" అని అడిగిందట. ఆకుపచ్చవి. ఇచ్చిందట.

గుమాస్తా గారూ, ఒక్క సందేహం. అవతలి ఒడ్డు పల్లెల పాత రికార్డులు, 1984లో కరణాల, మునసబుల పదవులు రద్దయ్యాక, ఎక్కడికి చేరాయి? ఎవర్నీ అడగను. ఆవిడ ఉందో లేదో కాగితం మీద చూసుకుంటాను, చాలు.

పాత మునిసిపల్ గుమాస్తా:

ముందు ఆ ఊరు ఏ మండలంలోకి వస్తుందో చూసుకుని తహసీల్దారు ఆఫీసులో అడగండమ్మా. కొత్తవి పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంటాయి. ఒక మాట గుర్తుంచుకోండి, ఆవిడకి పెళ్లయి ఉంటే ఇంటిపేరు మారిపోయి ఉంటుంది, ఊరూ మారి ఉంటుంది. ఆ ఊరి మరణాల పుస్తకంలో కనపడకపోతే ఆవిడ లేదని కాదు, ఉందనీ కాదు. వెళ్లేటప్పుడు ఆ అట్టముక్క మాత్రం ఇంట్లోనే భద్రంగా ఉంచి, జిరాక్సు పట్టుకెళ్లండి.