ఎల్క్ మాంసం మోయడానికి 250 డాలర్లలో ఏ ప్యాక్ తీసుకోవాలి?

కడప_టు_ఆరోరా:

అందరికీ నమస్కారం. ఈసారి కొలరాడో వేట పర్మిట్ల డ్రాలో నాకు ఆడ ఎల్క్‌ని (పెద్ద జాతి దుప్పిని) వేటాడే ట్యాగ్ వచ్చింది, రెండో రైఫిల్ సీజన్‌కి. నేనూ, నాతో పనిచేసే మిత్రుడూ కలిసి మీకర్ వైపు నుంచి ఫ్లాట్ టాప్స్ వైల్డర్‌నెస్‌లోకి వెళ్దామనుకుంటున్నాం. హంటర్ ఎడ్యుకేషన్ అయిపోయింది, రైఫిల్ ఉంది, ఆరెంజ్ చొక్కా, టోపీ ఉన్నాయి. ప్యాక్ దగ్గరే ఆగిపోయాను.

బండి ఆపే చోటు నుంచి మేం చూసుకున్న చోటుకి రెండున్నర మైళ్లు. ఎత్తు దాదాపు 10,000 అడుగులు. మిత్రుడికి మాంసం మోసే ప్యాక్ సొంతంగా ఉంది. నా దగ్గర ఉన్నది 65 లీటర్ల ట్రెకింగ్ ప్యాక్. నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 150 పౌండ్లు.

ఎవర్ని అడిగినా స్టోన్ గ్లేసియర్, ఎక్సో, కిఫారు, మిస్టరీ రాంచ్ అంటున్నారు. అవి 500 దాటి ఎక్కడికో వెళ్తున్నాయి. ఇద్దరు పిల్లలు, డేకేర్ ఫీజు... 250కి మించి పెట్టలేను. అలాగని చవకగా వస్తోందని ఏదో ఒకటి కొని, దారి మధ్యలో పట్టీ తెగి, మాంసం పాడైతే తట్టుకోలేను. ఒక ప్రాణం తీశాక తినదగ్గ ప్రతి ముక్కా ఇంటికి చేరాలి. ఇందులో మాత్రం నాకు రాజీ లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

టెక్సాస్_గోదారి:

కంగ్రాట్స్ అండీ! డ్రాలో రావడమే పెద్ద విషయం. ప్యాక్ గురించి అంత టెన్షన్ ఎందుకు? రెండు చక్రాల గేమ్ కార్ట్ ఒకటి కొనుక్కోండి. మేం ఇక్కడ జింకని దాని మీద కట్టి ట్రక్ దాకా లాక్కొచ్చేస్తాం. వీపుకి శ్రమే ఉండదు.

కొండదారి (ఫోర్ట్ కాలిన్స్):

గోదారి గారూ, మీ దగ్గర రాంచ్‌లో కార్ట్ బాగా పనికొస్తుంది, కాదనను. కానీ తమ్ముడు వెళ్లేది వైల్డర్‌నెస్. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం ప్రకారం అక్కడ మోటారు బండ్లే కాదు, సైకిలూ కూడదు, చక్రాల కార్టూ కూడదు. గుర్రమో కంచరగాడిదో ఉంటే సరి, లేకపోతే మన వీపే.

తమ్ముడూ, ప్యాక్ పేరు తర్వాత. ముందు బరువు లెక్క చూద్దాం, ఎందుకంటే ఏది కొనాలో ఆ లెక్కే చెబుతుంది.

పెద్ద ఆడ ఎల్క్ బతికున్నప్పుడు దాదాపు 500 పౌండ్లు తూగుతుంది. ఎముకతో పాటు కోస్తే వెనక తొడ ఒక్కొక్కటి 50 పౌండ్ల చుట్టూ, ముందు జబ్బ ఒక్కొక్కటి 30 చుట్టూ వస్తాయి. వీపు కండలు, లోపలి నడుము కండలు, మెడ, పక్కటెముకల మధ్య మాంసం అన్నీ కలిపి ఇంకో 35 వేసుకో. మొత్తం 195. అంతా ఎముక తీసేస్తే 150 దగ్గర ఆగుతుంది. ఇది సగటు లెక్క, జంతువుని బట్టి అటూ ఇటూ అవుతుంది.

ఇప్పుడు నీ వీపు సంగతి. తొడ 50, ప్యాక్ 7, రైఫిల్ 8, నీళ్లు, జాకెట్, కత్తులు, ఫస్ట్ ఎయిడ్ కలిపి 10. మొత్తం 75 పౌండ్లు. అంటే నీ బరువులో సగం, 10,000 అడుగుల ఎత్తులో, మంచు మీద, పడిపోయిన చెట్లు దాటుకుంటూ. నీ ట్రెకింగ్ ప్యాక్ ఇంత బరువుకి కుట్టింది కాదు. 35, 40 దాకా హాయిగా మోస్తుంది. అది దాటితే లోపలి సన్న కమ్మీలు వంగుతాయి, హిప్ బెల్ట్ తుంటి మీద నుంచి జారుతుంది, బరువంతా భుజాల మీదికొస్తుంది. పైగా పచ్చి మాంసం నిలబడి ఉండదు. తడి బట్టల మూటలా సంచి అడుగుకి దిగిపోయి మనిషిని వెనక్కి గుంజుతుంది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే: డబ్బు ఫ్రేమ్ మీద, హిప్ బెల్ట్ మీద పెట్టు. సంచి మీద పెట్టకు. ఎన్ని జేబులున్నాయి, ఏ కామో ప్రింటు, ఎన్ని లీటర్లు అన్నవి నీ బడ్జెట్‌లో చూడాల్సినవి కావు. తొడ సంచిలో పట్టాల్సిన పని లేదు, ఫ్రేమ్‌కి కట్టుకుంటే చాలు.

నీ ధరలో నాకు నమ్మకం ఉన్నది ఆల్ప్స్ అవుట్‌డోర్జ్ వాళ్ల కమాండర్. అల్యూమినియం బయటి ఫ్రేమ్, అడుగున మడిచే షెల్ఫ్. మాంసం ఆ షెల్ఫ్ మీద కూర్చుంటుంది కాబట్టి కిందికి జారదు. సంచితో కలిపీ దొరుకుతుంది, సంచి లేకుండా ఫ్రేమ్ ఒక్కటే ఇంకా తక్కువకీ అమ్ముతారు. నీకు ఫ్రేమ్ ఒక్కటే చాలు. మిగిలిన డబ్బుతో మంచి గేమ్ బ్యాగులు (మాంసం వేసే గుడ్డ సంచులు), ఒక జత ట్రెకింగ్ పోల్స్ కొను. దిగుడులో మోకాళ్లని కాపాడేవి ఆ పోల్సే.

దీనికీ లోటు ఉంది, అదీ చెప్పాలి. బయటి ఫ్రేమ్ కొమ్మలకి తగులుకుంటుంది, నడుస్తుంటే కిర్రుమంటుంది. దాన్ని వేసుకుని ఎల్క్ వెనక నడవడం నాకు నచ్చదు. కాబట్టి ఫ్రేమ్‌ని ట్రక్‌లో ఉంచు. వేటకి నీ 65 లీటర్ల ప్యాక్‌తోనే వెళ్లు. ఎల్క్ పడ్డాక మొదటి ట్రిప్పులో విడి మాంసం 35 పౌండ్లూ నీ ట్రెకింగ్ ప్యాక్‌లో, ఒక తొడ నీ మిత్రుడి ప్యాక్‌లో. ట్రక్ దగ్గర నువ్వు ఫ్రేమ్ తగిలించుకుని ఇద్దరూ వెనక్కి. రెండో ట్రిప్పులో నువ్వు రెండో తొడ, అతను రెండు జబ్బలు. అతనికి 60 ఎక్కువ అనిపిస్తే జబ్బలకి ఎముక తీసేయండి. ఎల్క్ పడ్డ చోటు నుంచి లెక్కేస్తే నీకు మొత్తం ఏడున్నర మైళ్ల నడక, అందులో బరువుతో ఐదు. మొదటి ట్రిప్పుకే చీకటి పడితే, మిగతా మాంసాన్ని గేమ్ బ్యాగుల్లో పేగులున్న చోటుకి దూరంగా, నీడలో, ఎత్తుగా కొమ్మకి కట్టి రండి. అక్కడ నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి. పొద్దున వెళ్లేటప్పుడు దూరం నుంచే బైనాక్యులర్‌తో చూసి, మాట్లాడుకుంటూ దగ్గరికి వెళ్లండి.

ఎముక తీసేవాళ్లకి ఒక జాగ్రత్త. కొలరాడోలో జంతువు ఆడదో మగదో తెలిసే ఆనవాలు మాంసానికి సహజంగా అతుక్కునే ఉండాలి. విడిగా కవర్లో వేసి చూపిస్తే కుదరదు. నీది ఆడ ట్యాగ్ కాబట్టి ఇది మరీ ముఖ్యం. కోసేటప్పుడే ఒక తొడకి దాన్ని వదిలెయ్, ఆ తొడకి ఎముక తీయకు. బయల్దేరే ముందు ఆ ఏడాది రూల్స్ పుస్తకంలో ఆ పేజీ చదువుకో.

మిజౌలా_అమ్మాయి:

కొండదారి గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. కొనే ముందు మీ టోర్సో కొలుచుకోండి అన్నా. తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక ఉంటుంది కదా, అక్కడి నుంచి తుంటి ఎముకల పైఅంచు దాకా టేపు పెట్టండి. ప్యాక్ సరిపోతుందా లేదా అన్నది మనిషి ఎత్తు కంటే ఈ కొలత మీదే ఉంటుంది. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. మగవాళ్ల సైజు ఫ్రేములు చాలావరకు నా తల వెనక కొట్టుకుంటాయి, బెల్ట్ తుంటికి బదులు తొడల మీదికి వస్తుంది. అలా కూర్చున్న బెల్ట్ బరువు మోయదు, నడవనివ్వదు.

నేను వాడేది ఆర్మీ సర్‌ప్లస్‌లో దొరికే ఆలిస్ ప్యాక్ ఫ్రేమ్. పొట్టిగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది. దాంతో వచ్చే నడుము పట్టీ ఏమీ బాగోదు. అది తీసేసి ఆర్మీ వాళ్లదే మోలీ ప్యాక్ హిప్ బెల్ట్, భుజం పట్టీలు తగిలించాను. అంతా కలిపి 100 డాలర్లలోపే అయింది. ఎముక తీసిన మ్యూల్ డీర్ (ఎల్క్ కంటే చిన్న జింక) మాంసం మొత్తం దాని మీద ఒకే ట్రిప్పులో తెచ్చుకుంటాను. ఎల్క్ తొడకి మాత్రం షెల్ఫ్ ఉన్న ఫ్రేమే మేలు, ఆ విషయంలో పెద్దాయన మాటే నా మాట.

సెకండ్ హ్యాండ్‌లో పెద్ద బ్రాండ్లు కూడా చూడండి. సీజన్ అయిపోయాక చాలామంది అమ్మేస్తారు. చూసేటప్పుడు హిప్ బెల్ట్ ఫోమ్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. వెంటనే పైకి లేవకుండా గుంటలా ఉండిపోతే ఆ ప్యాక్ పని అయిపోయినట్టే. బకిల్ పళ్లు, పట్టీ ఫ్రేమ్‌కి కలిసే చోట కుట్లు కూడా లాగి చూడండి.

కడప_టు_ఆరోరా:

చాలా థ్యాంక్స్ అన్నా, థ్యాంక్స్ అమ్మా. ఇన్నాళ్లూ లీటర్ల లెక్కే చూస్తున్నాను, ఇలా ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఫ్రేమ్ ఒక్కటే ఆర్డర్ పెడుతున్నాను. రెండు సందేహాలు. తొడని ఫ్రేమ్‌కి ఎలా కట్టాలి? ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేయడానికి బరువు ఏం పెట్టుకోవాలి?

కొండదారి (ఫోర్ట్ కాలిన్స్):

రెండోదానికి జవాబు నీ వంటింట్లోనే ఉంది. సోనా మసూరి 20 పౌండ్ల సంచులు. మొదటి వారం ఒకటి, తర్వాత రెండు. దాని పైన పది పౌండ్ల గోధుమపిండి పెడితే సరిగ్గా ఒక తొడ. జిమ్‌లో వేసే ఇనుప ప్లేట్లు పెట్టకు, అవి మాంసంలా వంగవు, కదలవు. బియ్యం సంచి కదులుతుంది, కట్టు వదులైతే వెంటనే తెలిసిపోతుంది. కాసిల్ రాక్‌లో కొండ మీదికి ఎక్కే 200 మెట్ల ఇన్‌క్లైన్ ఉంది, నీకు దగ్గరే. బరువు లేకుండా ఎక్కడం మొదలుపెట్టి, మెల్లగా పెంచుకుంటూ పో. మెట్ల పక్కనున్న మట్టి దారిలో దిగు. అసలు పరీక్ష దిగేటప్పుడే.

కట్టే పద్ధతి. ఫ్రేమ్‌ని వాలు మీద పడుకోబెట్టు, పై భాగం ఎగువకి, షెల్ఫ్ దిగువకి. షెల్ఫ్ మీద ముందు నీ జాకెట్టు చుట్టి పెట్టు. ఇది చాలామంది చేయరు. ఎందుకంటే తొడ నేరుగా షెల్ఫ్ మీద కూర్చుంటే బరువు నడుము దగ్గరే ఉండిపోతుంది. ఆ జాకెట్టు దాన్ని నాలుగైదు అంగుళాలు పైకి లేపుతుంది. బరువైన భాగం రెండు రెక్కల ఎముకల మధ్యకి రావాలి, ఫ్రేమ్‌కి అంటుకుని ఉండాలి. వీపుకి దూరం జరిగిన ప్రతి అంగుళం వెనక్కి లాగుతుంది. ఇప్పుడు గేమ్ బ్యాగులో ఉన్న తొడని పెట్టి, రెండు పట్టీలు ఐమూలగా వేసి బిగించు, తర్వాత అడ్డంగా రెండు. చేత్తో పట్టుకుని గట్టిగా ఊపు. మాంసం ఫ్రేమ్‌తో పాటే కదిలితే మంచిది, విడిగా కదిలితే విప్పి మళ్లీ కట్టు. ఆ ఐదు నిమిషాలకి బద్ధకించకు.

నిలబడి ఎత్తుకోవద్దు. ప్యాక్‌కి ఆనుకుని నేల మీద కూర్చో. భుజం పట్టీలు వదులుగా వేసుకో, ముందు హిప్ బెల్ట్ తుంటి ఎముకల మీదికి వచ్చేలా పెట్టి బిగించు. తర్వాత పక్కకి ఒరిగి, మోకాళ్ల మీదికి వచ్చి, పోల్స్ పట్టుకుని లేవాలి. లేచాక భుజం పట్టీలు, వాటి తర్వాత భుజాల పైన ఫ్రేమ్‌కి వెళ్లే లోడ్ లిఫ్టర్ పట్టీలు లాగు. మైలు నడిచాక భుజాలు లాగుతుంటే లిఫ్టర్లు కాస్త వదులు చేసి హిప్ బెల్ట్ మళ్లీ బిగించు. ఇలా మార్చుకుంటూ పోతే ఒకేచోట నొప్పి పట్టదు.

ఇంకొకటి, ఇది ప్రాణానికి సంబంధించింది. కొలరాడోలో రైఫిల్ సీజన్‌లో నడుము పైన 500 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ లేదా పింక్ కనిపించాలి, అందులో భాగంగా అన్ని వైపుల నుంచీ కనిపించే టోపీ కూడా ఉండాలి. వీపున తొడ కట్టుకుంటే నీ చొక్కా వెనక భాగం మొత్తం మూసుకుపోతుంది. దూరం నుంచి చూసేవాడికి చెట్ల మధ్య కదిలే మాంసం మూట మాత్రమే కనిపిస్తుంది. ఇంకో ఆరెంజ్ చొక్కా కొని, కట్టిన మాంసం పైన చుట్టి, పట్టీల కింద దోపు. వాల్‌మార్ట్‌లో చవకగానే దొరుకుతుంది.

గేమ్ బ్యాగులు గాలి ఆడే గుడ్డవే తీసుకో. రక్తం అంటకుండా ట్రెకింగ్ ప్యాక్ లోపల ప్లాస్టిక్ కవర్ వేసుకోవాలంటే వేసుకో, కానీ నడిచినంతసేపే. ట్రక్ దగ్గరికి రాగానే మాంసం బయటికి తీసి చల్లబడనివ్వు. వేడి లోపలే ఉండిపోతే ఎముక చుట్టూ ముందు పాడవుతుంది.

ఫ్రేమ్ వచ్చాక బియ్యం సంచి కట్టి పక్క నుంచి ఒక ఫోటో పెట్టు తమ్ముడూ. బెల్ట్ ఎక్కడ కూర్చుందో, లిఫ్టర్లు ఏ కోణంలో ఉన్నాయో చూసి చెబుతాను.