తక్కువ మాట్లాడే మనిషిని ‘ముభావి’ అనొచ్చా?

ప్రశ్న అడిగినవారు:
నా కథలో ఒక పాత్ర అడిగినదానికే జవాబిస్తాడు, ఎవరితోనూ పెద్దగా కలవడు. ‘ముభావి’ అని రాశాను. ఒకరు ‘మితభాషి’ అని మార్చమన్నారు, ఇంకొకరు ‘అంతర్ముఖుడు’ అన్నారు. మూడూ ఒకటే కదా?

మొదటి సభ్యులు:
ఒకటి కాదండీ. ముభావం ఎక్కువగా ఆ వేళకున్న మనసు తీరును చెబుతుంది. ‘నిన్నటి గొడవ తర్వాత ముభావంగా ఉంటోంది’ అంటాం. ఆ చోట ‘మితభాషిగా ఉంటోంది’ అని పెట్టి చూడండి, వాక్యం అతకదు. పైగా ముభావం అనగానే వినేవాళ్లు కారణం వెతుకుతారు. కోపమా, అలకా, మనమంటే ఇష్టం లేదా? పుట్టుకతోనే నెమ్మదైన మనిషికి ఈ మాట తగిలిస్తే లేని కోపాన్ని అంటగట్టినట్టే. అది అన్యాయం. మితభాషిలో ఆ నింద లేదు, కాస్త మెప్పు కూడా ఉంది.

రెండో సభ్యులు:
నేను ఒప్పుకోను. ‘ఆయన మొదటినుంచీ ముభావమే’ అని జనం అంటూనే ఉన్నారు. వాడుకలో ఉన్నదాన్ని తప్పంటే ఎలా? మితభాషి పుస్తకాల మాట. అంతర్ముఖుడు అయితే ఇంట్రోవర్ట్ అనే ఇంగ్లిష్ మాట కోసం ఈమధ్య పుట్టించిందే.

మొదటి సభ్యులు:
జనం అంటారు, నిజమే. కానీ ‘ఎంత పలకరించినా పట్టించుకోడు’ అనే ఫిర్యాదు ఆ మాటలో ఉంటుంది. కథలో ఇంకో పాత్ర అలా అనుకుంటే ముభావి సరిగ్గా సరిపోతుంది. కథకుడే అంటే మాత్రం పాఠకుడు తప్పుదారి పడతాడు.

ఇక అంతర్ముఖుడు ఈమధ్య పుట్టిన మాట కాదు. లలితా సహస్రనామంలోనే ‘అంతర్ముఖ సమారాధ్యా బహిర్ముఖ సుదుర్లభా’ అని ఉంది. అక్కడ అంతర్ముఖులంటే మనసును లోపలికి తిప్పుకున్న సాధకులు. ఎంత మాట్లాడతారన్న దానితో పని లేదు. ఇంట్రోవర్ట్ అనే మాటకు ప్రచారం తెచ్చింది 1921లో వచ్చిన, మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ పుస్తకం. ఆయన చూసిందీ మనసు మొగ్గు ఎటు అన్నదే. అందుకే నలుగురిలో చక్కగా మాట్లాడే ఇంట్రోవర్టులూ ఉంటారు.

ప్రశ్న అడిగినవారు:
చెప్పేది కథకుడే. పాత్రకి ఎవరిమీదా కోపం లేదు. కొత్తవాళ్ల ముందు మాత్రం కాస్త టెన్షన్ పడతాడు.

మొదటి సభ్యులు:
అయితే ఇంకో మాట కూడా చూడాలి. మాట్లాడాలని ఉన్నా నోరు పెగలనివాడు బిడియస్తుడు. అక్కర్లేదనిపించి ఊరుకునేవాడు మితభాషి. బాగా తెలిసినవాళ్ల దగ్గర మీవాడు ఎలా ఉంటాడో చెప్పండి, దాన్నిబట్టి తేలుతుంది.