సమస్యాపూరణం: నీటఁ బడి దీప మారక నిలిచి వెలిగె

నిర్వాహకుడు

ఈ వారం సమస్య (దీన్ని చివరి పాదంగా పెట్టి, మిగిలిన మూడు పాదాలూ మీరు పూరించాలి):

*నీటఁ బడి దీప మారక నిలిచి వెలిగె*

ఆశ్వయుజం, కార్తీకం రెండూ దీపాల నెలలే. దీపావళి ప్రమిదలు, ఆకాశదీపాలు, ఉసిరి దీపాలు, ఆఖరున పోలిపాడ్యమి దొప్పలు. బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే కాలమూ ఇదే. కాబట్టి దీపానికీ నీటికీ మధ్య ఇంట్లో, ఊళ్ళో, పరాయి దేశంలో జరిగే ఏ చిన్న ముచ్చటైనా, ఏ చిన్న పొరపాటైనా పూరణకు పనికొస్తుంది.

కొత్తవారి కోసం గణవిభజన (గురువు అంటే బరువుగా పలికే అక్షరం, లఘువు అంటే తేలిగ్గా పలికేది; వాటి కూర్పులే గణాలు): నీట (గలం: గురువు, లఘువు), బడి దీప (సలం: రెండు లఘువులు, గురువు, లఘువు), మారక (భగణం: గురువు, రెండు లఘువులు), నిలిచి (నగణం: మూడు లఘువులు), వెలిగె (నగణం). ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. అంటే తేటగీతి. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, నాలుగో గణం మొదటి అక్షరం మీద: నీ–ని. ప్రాస నియమం లేదు, యతికి బదులు రెండో అక్షరాల హల్లు కలిపే ప్రాసయతి చెల్లుతుంది. పదం లోపలి అరసున్నలు (ఁ), శకటరేఫలు (ఱ) రాయకపోయినా తప్పు పట్టం. ద్రుతం (పదం చివరి న్) తర్వాత సరళాదేశం (క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారడం) మాత్రం చూస్తాం.

సమస్యలో చిక్కు ‘పడి’ అన్న మాట దగ్గర ఉంది. దీపం నీటిలో ఎలా పడిందో, పడ్డాక దాన్ని ఏది కాపాడిందో రెండూ మిగిలిన మూడు పాదాల్లో తేలాలి. ఒకటి చెప్పి ఒకటి వదిలేస్తే సమస్య సగమే విడినట్టు.

గోదావరి గట్టు

*అరటి దొప్పను జేర్చిన యావు నేతి*
*వత్తి వెలిగించి గోదారి వడిని విడువ*
*గాలి యలలకు నూగాడి గట్టు విడిచి*
*నీటఁ బడి దీప మారక నిలిచి వెలిగె*

పోలిపాడ్యమి, అంటే మార్గశిర శుద్ధ పాడ్యమి తెల్లవారుజాము దృశ్యం.

పాకాల

గోదావరి గట్టు గారూ, ధార బాగుంది. ‘యలలకు నూగాడి’లో ద్రుతసంధి సరిగా పడింది. కానీ మీ దీపం నీటిలో పడలేదండీ, మీరే వదిలారు. వదిలిన దొప్ప తేలడంలో వింతేముంది? తేలడానికే కదా దొప్ప చేస్తాం.

నిర్వాహకుడు

పాకాల గారి మాట నిజం. రెండో పాదం చివర, మూడో పాదం మొత్తం మారిస్తే చాలు:

*అరటి దొప్పను జేర్చిన యావు నేతి*
*వత్తి వెలిగించి గోదారి వైపు వంగఁ*
*జేయి జారిన దొప్ప తాఁ జెదరకుండ*
*నీటఁ బడి దీప మారక నిలిచి వెలిగె*

ఇప్పుడు దొప్ప జారిపడింది. వ–వై యతికి అ–ఐ మైత్రి, జే–జె యతికి ఏ–ఎ మైత్రి. ‘వంగన్’ తర్వాత ‘చేయి’ సరళమై ‘జేయి’ అయింది. పాదం మారినా సంధి కొనసాగుతుంది.

మొదటి పాదంలో ‘ఆవు నేయి’ అలంకారానికి వచ్చిన మాట కాదు, పూరణ బరువంతా మోసేది అదే. తెల్లవారుజాము చలికి నెయ్యి పేరుకుని ఉంటుంది. దొప్ప జారి ఒకసారి ఊగినా ఒలకదు, మంట చుట్టూ కొంచెమే కరుగుతుంది. నువ్వుల నూనె అయితే ఆ ఊపుకే ఓ పక్కకు పోయి వత్తి మునిగేది. దొప్ప విషయానికొస్తే, అరటి బోదె పట్ట నిండా గాలి గదులుంటాయి, అందుకే తేలుతుంది. జానెడు ముక్క కోసి, రెండు కొసలూ పైకి మడిచి చీపురుపుల్ల గుచ్చాలి. కొసలు తెరిచి వదిలేస్తే నీరు లోపలికి పాకి వత్తి అడుగు తడుస్తుంది. ‘చెదరకుండ’ అన్న మాటకు బలం ఆ పుల్లలదే.

పాకాల

*శరదృతువు నిండు జాబిల్లి చదలఁ జేరి*
*నిదుర వోయిన చెరువులో నీడ విడువఁ*
*జేప లెగిరిన నేమాయె చెదరి కలిసి*
*నీటఁ బడి దీప మారక నిలిచి వెలిగె*

కొత్తకలం

పాకాల గారూ, ఒక సందేహం అండీ. మొదటి గణం ‘శరదృ’లో దృ కింద గుర్తు ఉంది కదా, దాని ముందున్న ‘ర’ గురువు కాదా?

పాకాల

కాదండీ. అది వట్రుసుడి, అంటే ఋ అచ్చు గుణింతం. రెండు హల్లులు కలిస్తేనే సంయుక్తాక్షరం. ‘శరద్రు’ అని రాస్తే మాత్రం ర గురువై గణం చెడుతుంది. ‘కృ, దృ, మృ’ దగ్గర చాలామంది ఇక్కడే తడబడతారు.

నిర్వాహకుడు

మూడో పాదం ఈ వారం వచ్చిన వాటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది. చేప ఎగిరితే అల లేస్తుంది, బింబం ముక్కలవుతుంది, అల సద్దుమణగగానే మళ్ళీ కూడుకుంటుంది. ‘చెదరి కలిసి’ అన్న రెండు మాటల్లో ఆ పనంతా ఇమిడింది. ‘ఆరక నిలిచి’ అన్నదానికి అంతకన్నా దగ్గరి సమర్థన ఉండదు.

లోపం ఒక్కటే. జాబిల్లిని దీపమని ముందుగా ఎక్కడా అనలేదు. చివరి పాదానికి వచ్చేసరికి ‘ఏ దీపం?’ అని చదువరి ఆగుతాడు. మొదటి పాదాన్ని ఇలా మార్చి చూడండి:

*శరదృతువు రేయి వెలిగించు చందమామ*

‘వెలిగించు’ అన్న క్రియతో దీపానికి దారి పడుతుంది. శ–చ యతి అలాగే నిలుస్తుంది.

పాకాల

చాలా బాగుందండీ, స్వీకరిస్తున్నాను. ‘చదలఁ జేరి’ పోయినా నష్టం లేదు. చందమామ ఆకాశంలో ఉంటాడని వేరే చెప్పక్కర్లేదు.

మూడో అంతస్తు

*చమురు వత్తులు లేకయే సంతలోని*
*బుల్లి దివ్వెను బళ్ళెంపుఁ బూల నడుమ*
*వేయ నడుగున మేకుల విద్యుదొలయ*
*నీటఁ బడి దీప మారక నిలిచి వెలిగె*

దీపావళికి బజార్లో వచ్చే ప్లాస్టిక్ ప్రమిద. నీరు తగిలితేనే వెలుగుతుంది.

నిర్వాహకుడు

ఊహ కొత్తది, సమస్యను తలకిందులు చేసింది. మామూలు దీపం నీరు తగిలితే ఆరుతుంది, ఇది నీరు తగలకపోతే ఆరుతుంది. కానీ ‘విద్యుదొలయ’ దుష్టసంధి. విద్యుత్ సంస్కృతం, ఒలయు తెలుగు క్రియ. తెలుగు మాటతో కలిసేటప్పుడు అది ‘విద్యుత్తు’ అవుతుంది, కలిపితే ‘విద్యుత్తొలయ’. అప్పుడు ద్యు గురువై ‘విద్యు’ రెండు గురువులవుతుంది, సూర్యగణం పోతుంది. ఇంకా, ‘వేయ’ అన్న మాటలో విసిరేసిన ధ్వని కూడా ఉంది. ఇలా చూడండి:

*ముంచ నడుగున మేకులు మునిగి తడియ*

విద్యుత్తు పేరెత్తనక్కర్లేదు. మేకులు తడిశాయంటే కారణం తెలిసిపోతుంది.

మూడో అంతస్తు

ధన్యవాదాలండీ. తెలియనివారికి వివరం: ప్రమిద అడుగున రెండు లోహపు మొనలుంటాయి, లోపల చిన్న బటన్ సెల్లు. కుళాయి నీటిలోని లవణాల వల్ల ఆ రెండు మొనల మధ్య కరెంటు పారి దీపం వెలుగుతుంది. పండగయ్యాక అడుగు పొడిగుడ్డతో తుడిచి దాచాలి. తడితో పెట్టెలో పెడితే అక్కడే వెలుగుతూ ఉండి వచ్చే ఏటికి సెల్లు మిగలదు.

గోదావరి గట్టు

రెండో పాదంలో ‘దివ్వె’, నాలుగో పాదంలో ‘దీపము’. పునరుక్తి కాదా?

నిర్వాహకుడు

స్వల్పం. మొదటిది వస్తువు, రెండోది వెలుగు అని సమర్థించుకోవచ్చు. దాని కోసం పాదం విరగ్గొట్టొద్దు.

న్యూజెర్సీ

*గుమ్మడిని దొల్చి లోపలఁ గుదురు చేసి*
*చమురు వత్తియు నుంచఁగాఁ జలువ గాలి*
*నెట్టఁ బెరటిలో వానకు నిండు తొట్టి*
*నీటఁ బడి దీప మారక నిలిచి వెలిగె*

అక్టోబరులో ఇక్కడ హాలోవీన్ గుమ్మడికాయలు, దీపావళి దీపాలు ఒకే అరుగు మీద చేరతాయి.

నిర్వాహకుడు

పడటానికి కారణం గాలి, నిలవడానికి కారణం గుమ్మడి డొల్ల. రెండూ పద్యంలోనే ఉన్నాయి, వ్యాఖ్య లేకపోయినా అర్థమవుతుంది. ‘నిండు తొట్టి / నీటఁ బడి’ అని మూడో పాదం సమస్యలోకి నేరుగా ప్రవహించడం మరీ బాగుంది. ఇచ్చిన పాదం అతికినట్టు కాక సొంత పాదంలా వినిపిస్తోంది. గు–గు, చ–జ, నె–ని యతులు నిర్దుష్టం.

‘కుదురు’ అన్న మాట ఎంపికకు ప్రత్యేకంగా అభినందనలు. గుమ్మడి అడుగు గుండ్రంగా ఉంటుంది. ప్రమిద ఊరికే పెడితే పక్కకు ఒరుగుతుంది. గుజ్జు గీకేటప్పుడు అడుగున కాస్త మందం వదిలి, నడుమ గుంట చేస్తే బరువు కిందనే నిలుస్తుంది, నీటిలో పడ్డా తిరగబడదు.

మూడో అంతస్తు

హాలోవీన్ గుమ్మడికి కళ్ళూ నోరూ చెక్కుతారు కదండీ? ఆ కంతల్లోంచి నీరు చేరి మునగదా?

న్యూజెర్సీ

మునుగుతుంది. అందుకే పద్యం తొలవడంతో ఆగింది. ముఖం చెక్కనిదైతే గోడ అంగుళం మందం ఉన్నా చక్కగా తేలుతుంది. పైమూత తీసే ఉంచాలి, మూస్తే గాలి అందక దానంతటదే ఆరుతుంది. చమురు కొబ్బరినూనె అయితే ఇంకా మేలు. 24 డిగ్రీల లోపు అది గడ్డకడుతుంది కాబట్టి ఇక్కడి అక్టోబరు చలికి ఒలికే ప్రమాదం తక్కువ.

కొత్తకలం

*తుపాను రాత్రిఁ గరెంటు తొలుత పోవఁ*
*జేతి ఫోను దీపముతోడఁ జేదుచుండ*
*జారి బొక్కెనలో మున్గి చల్లనైన*
*నీటఁ బడి దీప మారక నిలిచి వెలిగె*

నూతి దగ్గర నీళ్ళు తోడుతుంటే చేతిలోని ఫోను బొక్కెనలో పడిందని భావం. పెద్దలు సరిదిద్దాలి.

నిర్వాహకుడు

కొత్తకలం గారూ, రెండో పాదం చూడండి: జేతి / ఫోను దీ / పముతోడఁ / జేదు / చుండ. మాట మధ్యలో గణం విరిగినా నడక ఎక్కడా కుంటుపడలేదు. కొత్తగా రాసేవారికి ఇది అంత తేలిగ్గా పట్టుబడదు.

మొదటి పాదం మాత్రం మొదటి అడుగులోనే తప్పింది. ‘తుపాను’ లఘువు, గురువు, లఘువు. అది జగణం. తేటగీతి పాదం జగణంతో మొదలవదు, సూర్యగణం నగణమో గలమో కావాలి. అదే చిక్కు ‘కరెంటు’తోనూ ఉంది, అదీ జగణమే. ఇలాంటి మాటకు ముందు ఒక లఘువు తగిలిస్తే సలమై ఇంద్రగణంలో కూర్చుంటుంది:

*గాలివానలోనఁ గరెంటు కాస్త పోవఁ*

గాలి / వానలో / నఁ గరెంటు / కాస్త / పోవఁ. గా–కా యతి కూడా కుదిరింది. ‘తొలుత’ యతి కోసం వచ్చిన మాట, దానికి అర్థంలో పని లేదు. ‘కాస్త పోవ’ మన నోట నానిన పలుకుబడి.

మూడో పాదంలో క్రమం తప్పింది. మునిగాక పడటం ఏమిటి? పడి కదా మునగాలి. ఒక్క మాట మార్చండి:

*జారి బొక్కెనలో నున్న చల్లనైన*

గోదావరి గట్టు

పద్యంలో ‘కరెంటు’, ‘ఫోను’ వాడొచ్చా?

నిర్వాహకుడు

నిరభ్యంతరంగా. ఉకారాంతాలై తెలుగు విభక్తులకూ సంధులకూ లొంగుతున్నాయి. ‘కరెంటు’కు బదులు ‘విద్యుత్సరఫరా’ అంటే గాలివాన రాత్రి ఇంట్లో ఎవరూ అనని మాట అవుతుంది.

న్యూజెర్సీ

ఐపీ 67 (దుమ్ము, నీరు లోపలికి చొరకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే ప్రమాణం) గుర్తున్న ఫోను 1 మీటరు లోతు మంచినీటిలో 30 నిమిషాల వరకు తట్టుకునేలా పరీక్షిస్తారు. బొక్కెన లోతు అంతకన్నా తక్కువే కాబట్టి పూరణ నిలుస్తుంది. బయటికి తీశాక చార్జింగు రంధ్రం పూర్తిగా ఆరేదాకా తీగ గుచ్చకూడదు. నీటిలో వెలిగిన ఫోను చాలాసార్లు చెడేది ఆ తొందరలోనే.

దీపారాధన

*గాజు గిన్నెలో నీటిపైఁ గలియకుండ*
*నూనె పొరవోలెఁ దేలఁగా దాని మీద*
*బిళ్ళతోఁ గూర్చి విడిచిన పిల్ల వత్తి*
*నీటఁ బడి దీప మారక నిలిచి వెలిగె*

కొత్తకలం

రెండో పాదంలో నూ–దా యతి ఎలాగండీ?

దీపారాధన

ప్రాసయతి అండీ. ‘నూనె’, ‘దాని’: రెండో అక్షరాలు నె, ని. హల్లు ఒకటే, ముందున్నవి రెండూ గురువులు. ఒకటి గురువు, ఒకటి లఘువు అయితే చెల్లదు.

నిర్వాహకుడు

ఛందస్సులో వేలు పెట్టే చోటు లేదు. సమస్య మాత్రం విడలేదు. బిళ్ళ తేలుతున్నది నూనె మీద. వత్తి నీటిని తాకనే లేదు. నూనె పొర తరిగి వత్తి నీటిదాకా దిగితే చిటపటమని ఆరిపోతుంది. అంటే నిజంగా ‘నీటఁ బడ్డ’ ఘడియలో ఈ దీపం ఆరేదే. బిళ్ళను నీటిలో పడేసి, అది నూనెలోకి తేలివచ్చినట్టు చూపినా లాభం లేదు, తడిసిన వత్తి వెలగదు. ఈ ఊహను పక్కన పెట్టి మరొకటి ప్రయత్నించండి. గడువు ఆదివారం దాకా ఉంది.

దీపారాధన

సరేనండీ, ఒప్పుకుంటున్నాను. ఉసిరికాయ దీపంతో మళ్ళీ వస్తాను. ఉసిరి నీటిలో మునుగుతుంది కాబట్టి దానికి ముందు ఆధారం వెతకాలి.

నిర్వాహకుడు

తమలపాకు చాలదు, బరువుకు ఒరుగుతుంది. తామరాకు చూడండి.

తొందరపడేవారికి వచ్చే వారం సమస్య ఇప్పుడే ఇస్తున్నాను. ఆటవెలది సరిపాదం, కాబట్టి రెండో పాదంగానైనా నాలుగో పాదంగానైనా పెట్టుకోవచ్చు:

*వాన లేక యిల్లు వరద మునిగె*